ఇంటర్న్‌షిప్ అంటే సర్టిఫికెట్ కొనుక్కోవడమేనా?

సంపాదకులకు నమస్కారం.

నేను విశాఖలో ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ చదువుతున్నాను. ఈ మే, జూన్ నెలల్లో హైదరాబాద్‌లోని ఒక పరిశోధన ల్యాబులో ఎనిమిది వారాలు ఇంటర్న్‌షిప్ చేశాను. తిరిగొచ్చి కాలేజీలో రిపోర్టు ఇవ్వబోతే, "సర్టిఫికెట్ ఏదమ్మా?" అన్నారు. ఇచ్చాను. ఇంకేమీ అడగలేదు. రిపోర్టు అట్ట కూడా తిప్పలేదు.

మా క్లాసులో చాలామంది ఏదో ఆన్‌లైన్ సంస్థకు ఫీజు కట్టి, నాలుగు వీడియోలు చూసి, నాకు వచ్చినన్ని క్రెడిట్లే (డిగ్రీకి లెక్కలోకి వచ్చే పాయింట్లు) తెచ్చుకున్నారు. వాళ్లను తప్పుపట్టను. రాష్ట్రంలో డిగ్రీ విద్యార్థులకు 2020-21 నుంచి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు, బీటెక్‌లోనూ దానికి క్రెడిట్లున్నాయి. ఇంతమందికి చోటెక్కడో చూపకుండా రూలు పెడితే సర్టిఫికెట్ల దుకాణాలు వెలవక ఏమవుతుంది?

ల్యాబులో నాకిచ్చిన పని, తెలుగు మాటను విని రాసే కంప్యూటర్ ప్రోగ్రాముకు, అంటే మోడల్‌కు, ఉత్తరాంధ్ర యాస ఎంతవరకు అర్థమవుతుందో చూడటం. మొదటి వారం కోడ్ జోలికే పోనివ్వలేదు, రికార్డింగులు వింటూ కూర్చోమన్నారు. రెండో వారం సొంత ఊరికే పంపారు. గోదావరి ఎక్స్‌ప్రెస్ దిగి పెదజాలరిపేట వెళ్లాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో వేట నిషేధం కదా, మత్స్యకారులు వలలు బాగుచేసుకుంటూ ఒడ్డునే దొరికారు. (అవి తీరిక రోజులు కావు, చేతిలో డబ్బులాడని రోజులని వాళ్ల మాటల్లోనే తెలిసింది.) ఒప్పుకున్నవాళ్ల గొంతులే రికార్డు చేశాను.

మోడల్ ‘సేప’ను ‘సేపు’ అని రాసింది. ‘ఎల్లిపోనాడు’ను రెండు ముక్కలు చేసింది. ఈ పనిలో తప్పులకో లెక్క ఉంది. మారిపోయిన మాటలు, ఎగిరిపోయిన మాటలు, లేనిపోనివి చేర్చిన మాటలు అన్నీ కూడి, అసలు మాటల సంఖ్యతో భాగిస్తారు. అందువల్ల ఒక్క మాటను విరిచి రాసినా రెండు తప్పులు పడతాయి. మాటకు మాట అతుక్కునే తెలుగుకు ఈ లెక్క కొంచెం అన్యాయమే, కాబట్టి అక్షరాల లెక్క కూడా వేసుకున్నాం.

ఐదో వారంలో మా రికార్డింగులతో మోడల్‌ను మళ్లీ ట్రైన్ చేస్తే తప్పులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. ఆ రాత్రి సంతోషంతో నిద్రపట్టలేదు. పొద్దున్నే మా గైడ్ మేడమ్‌కు చూపించాను. మెచ్చుకోలేదు సరికదా, "ఇంత బాగా ఎందుకొచ్చిందో చెప్పు" అన్నారు. రెండు రోజులు టెన్షన్‌తో కోడంతా తిరగేస్తే దొరికింది. ఒకే మనిషి రికార్డింగుల్లో కొన్ని మోడల్‌కు నేర్పే ట్రైనింగ్‌లోకి, కొన్ని అది ఎంత నేర్చుకుందో చూసే టెస్టులోకి వెళ్లాయి. యాస వచ్చేసినట్టు కనబడింది గానీ, మోడల్ అలవాటు పడింది ఆ కొద్దిమంది గొంతులకు. టెస్టుకు వేరే మనుషుల్ని పెట్టి మళ్లీ నడిపితే మిగిలిన లాభం కొంచెమే. రిపోర్టులో ఆ కొంచెమే రాశాను, నేను చేసిన పొరపాటుతో సహా. మా కాలేజీలో ఆ పేజీ ఎవరూ చూడలేదనే నా బాధ.

ఇక ఈ అవకాశం సంగతి. ఒక సీనియర్ డిసెంబరులో చెప్పబట్టి అప్లై చేశాను. కాలేజీ నోటీసు బోర్డు మీదికి అది ఏప్రిల్‌లో వచ్చింది, గడువు దాటాక! మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఏటా రెండు నెలల వేసవి ఫెలోషిప్‌లు ఇస్తాయని మా క్లాసులో సగం మందికి తెలియదు. పైగా హాస్టల్, మెస్ డబ్బులు ముందే కట్టాలి, స్టైపెండేమో ఆఖర్న చేతికొచ్చింది. నాతోపాటు ఎంపికైన గాజువాక స్నేహితురాలు ఆ ఖర్చుకు జడిసే మానుకుంది.

అసలు మన ఊరి యాస మీద పని చేయడానికి హైదరాబాద్ దాకా ఎందుకు వెళ్లాలి? ఇక్కడ 1926లో మొదలైన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, తుపాను హెచ్చరికల కేంద్రం ఉన్నాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ దెబ్బ తిన్న ఊరిది. తుపాను గురించి జాలరి తన మాటలో అడిగితే ఫోను సరిగ్గా అర్థం చేసుకోవడం కూడా మా బోటి విద్యార్థులు చేయగల పనే. ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ హబ్ కడతామని గూగుల్ 2025 అక్టోబరులో ప్రకటించింది. అందులో మాకు దొరికేవి ఎలాంటి ఉద్యోగాలన్నది ఈ వేసవుల్లో ఏం నేర్చుకుంటామన్న దాన్నిబట్టే ఉంటుంది.

రాష్ట్ర ఉన్నత విద్యామండలి చొరవ తీసుకుని ఇక్కడి ఒక్కో సంస్థ వేసవికి పదిమందినైనా తీసుకునేలా చూడాలి. స్టైపెండ్‌లో సగం మొదటి వారంలోనే ఇప్పించాలి. విద్యార్థి దగ్గర ఫీజు తీసుకునే ఇంటర్న్‌షిప్‌కు క్రెడిట్లు ఇవ్వకూడదు. కాలేజీలు కూడా సర్టిఫికెట్ పక్కన పెట్టి, రోజువారీ నోట్‌బుక్ తెరిచి, విద్యార్థిని పది నిమిషాలు ప్రశ్నలడగాలి. వచ్చే వేసవికి చాలాచోట్ల గడువులు ఈ చలికాలంలోనే ముగుస్తాయి. ఖాళీల జాబితా నవంబరుకల్లా కాలేజీలకు అందితే మా జూనియర్లకైనా పనికొస్తుంది.

– ఒక బీటెక్ విద్యార్థిని,
మద్దిలపాలెం, విశాఖపట్నం