గ్రామసభ గురించి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాలి నొప్పి గురించి ఫోనులో అడిగితే మాట దాటవేస్తోంది; మీరైనా నిజం రాయండి.

హాజరు పుస్తకంలో సంతకం పెట్టించుకొని పంపించేస్తున్నారని, ఇక గ్రామసభకు వెళ్లనని మీరన్న మాట నాకు నచ్చలేదు. మేముండే ఈ ఇంగ్లండు పల్లెలోనూ పారిష్ కౌన్సిల్ అనే చిన్న పంచాయతీ ఉంది. ఇలాంటివి 1894 నాటి చట్టంతో మొదలయ్యాయట. కిందటి నెల సమావేశానికి వెళ్లాను. సభ్యులు ఏడుగురు, గుమస్తా ఒకరు, ఊరివాళ్లం నలుగురం. బస్సు స్టాపులో విరిగిన బల్లను బాగుచేయించాలా, కొత్తది కొనాలా అని అరగంటకు పైగా వాదించుకుంటుంటే నాకు నవ్వు ఆగలేదు.

రోడ్లు, చెత్త, బడులు వీళ్ల చేతిలో లేవు, అవన్నీ పై సంస్థలవి. ఆటస్థలం, శ్మశానం, కాలిబాటల వంటివే వీళ్లకు మిగిలేవి. అధ్యక్షుణ్ణి కూడా సభ్యులే ఏటా తమలోంచి ఎన్నుకుంటారు. మన సర్పంచిని ఊరంతా ఓటేసి ఐదేళ్లకు ఎన్నుకుంటుంది. మంచినీళ్లు, మురుగు కాలువలు, వీధి దీపాలు, ఇంటి పన్ను అన్నీ పంచాయతీవే. పైగా 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ ప్రకారం ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారూ గ్రామసభ సభ్యులే. ఆ రోజు నేను వెనక కుర్చీలో కూర్చున్న ప్రేక్షకురాలిని, నాకు ఓటు లేదు. మీరు మన సభకు చుట్టంగా వెళ్లడం లేదు నాన్నగారూ, సభ్యులుగా వెళుతున్నారు.

ఈ పారిష్ కౌన్సిల్ వాళ్లను మెచ్చుకోవలసింది ఒక్క విషయంలోనే: ఏమేం చర్చిస్తారో మూడు రోజుల ముందే బోర్డు మీద అంటించాలి, లెక్కల పుస్తకాలను ఏటా 30 పనిదినాల పాటు ఓటర్లు చూడటానికి తెరిచి ఉంచాలి. ఈసారి చాటింపు వేసినప్పుడు మీరు వెళ్లి, సంతకం చివర్లో పెడతానని చెప్పండి. మన వీధి మురుగు కాలువ మాట తర్వాత ఎత్తవచ్చు, ముందు ఇంటి పన్ను ఎంత వసూలైందో, ఆర్థిక సంఘం సిఫారసుతో ప్రభుత్వం పంచాయతీకి ఇచ్చే నిధులు ఎంత వచ్చి దేనికి ఖర్చయ్యాయో అడగండి. మీ ప్రశ్నను తీర్మానాల పుస్తకంలో రాయించి, రాసింది చదివి వినిపించమనండి. ఒంటరిగా వెళ్లవద్దు, పక్కింటి బాబాయిగారినీ, ముఖ్యంగా అమ్మనూ వెంట తీసుకెళ్లండి. కొళాయి ఏ పూట వస్తుందో, ఎన్ని బిందెలకు ఆగిపోతుందో మీకన్నా ఆమెకే బాగా తెలుసు.

బల్ల సంగతి చెప్పడం మరిచాను. బాగుచేయించడానికే తీర్మానించారు.

ఇట్లు,
మీ కుమార్తె