మన పిల్లలు తీరానికి ఎందుకు వెళ్లారు, చమురును ఎందుకు తాకలేదు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

ఓడ నుంచి ఒలికిన చమురు తెట్టు తీరం వైపు వస్తోందని తెలిసిన రోజున మన తొమ్మిదో తరగతి విద్యార్థులు ఒడ్డున చెత్త ఏరడానికి వెళ్లిన సంగతి మీలో చాలా చర్చకు దారితీసింది. పిల్లలను అసలు అక్కడికి ఎందుకు పంపారని కొందరు, తీరా చమురు ఒడ్డుకు చేరే వేళకు వారిని ఎందుకు వెనక్కి పిలిపించారని మరికొందరు అడుగుతున్నారు. రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకటే కాబట్టి ఈ నెల లేఖను దానికే కేటాయిస్తున్నాను. పరీక్షల పట్టిక, గ్రంథాలయ పుస్తకాల గడువు నోటీసు బోర్డులో ఉన్నాయి.

ఒడ్డున పడి ఉన్న ప్లాస్టిక్ సీసా, తెగిన వల, తాడు ముక్క పొడిగా ఉన్నంతసేపు మామూలు చెత్తే. చమురులో తడిస్తే అవే ప్రమాదకర వ్యర్థాలుగా మారతాయి; వాటిని విడిగా మోయాలి, విడిగా నిల్వ చేయాలి, విడిగా వదిలించుకోవాలి. అందుకే తెట్టు రాకముందే తీరాన్ని ఖాళీ చేయడం ఎంతో విలువైన పని, పెద్దల పర్యవేక్షణలో పిల్లలు చేయదగిన పని. తాజా ముడిచమురు సంగతి వేరు. దాని నుంచి బెంజీన్ వంటి హానికరమైన ఆవిర్లు వెలువడతాయి. తగిన తొడుగులు, బూట్లు, శిక్షణ ఉన్న పెద్దలు తప్ప మరెవరూ దాని జోలికి వెళ్లకూడదు.

ఈ విషయంలో నాకున్న పట్టుదలకు కారణం ఉంది. 1989లో అలాస్కా తీరంలో ఎక్సాన్ వాల్డెజ్ నౌక నుంచి సుమారు 4 కోట్ల లీటర్ల ముడిచమురు ఒలికినప్పుడు రాళ్లను వేడినీటి ధారలతో కడిగారు. చమురు బారి నుంచి తప్పించుకున్న చిన్న జీవులెన్నో ఆ వేడికి చనిపోయాయి. తొందరపాటు సాయం అంత పని చేయగలదు. 2007 డిసెంబరులో దక్షిణ కొరియాలోని తేఆన్ దగ్గర హెబెయ్ స్పిరిట్ ట్యాంకరు నుంచి 10,000 టన్నులకు పైగా చమురు సముద్రంలో కలిసినప్పుడు మాత్రం, తరువాతి నెలల్లో తరలివచ్చిన 12 లక్షలకు పైగా స్వచ్ఛంద సేవకుల్లో ఎందరో చలికి ఓర్చుకుని రాళ్లను ఒక్కొక్కటిగా గుడ్డలతో తుడిచారు. 2000లో దక్షిణాఫ్రికా తీరంలో ట్రెజర్ అనే ఓడ మునిగినప్పుడు చమురు అంటిన సుమారు 19,000 పెంగ్విన్లను కడిగి బతికించడానికి వేల మంది ముందుకు వచ్చారు. అంతకన్నా నన్ను కదిలించేది మరొకటి: ఇంకా చమురు అంటని దాదాపు 19,500 పెంగ్విన్లను పట్టి దూరతీరంలో వదిలారు, అవి ఈదుకుంటూ ఇల్లు చేరేలోగా ఇక్కడ శుభ్రం చేయవచ్చని. ముప్పు రాకముందే చేసిన సాయం అది. మన పిల్లలు చేసినదీ అదే కోవకు చెందినది.

వారి గురించి చెప్పకుండా ఉండలేను. ఇసుకలో సగం పూడుకుపోయిన నైలాన్ వలను బలంగా లాగితే తెగి సగం లోపలే ఉండిపోతుందని గ్రహించిన ఒక అబ్బాయి, మోకాళ్ల మీద కూర్చుని చేతులతో ఇసుక తోడుతూ దాన్ని పూర్తిగా బయటికి తీశాడు. పీతల బొరియలను తొక్కకుండా తోటివారిని చుట్టూ నడిపించిన అమ్మాయిని చూసి అక్కడి పెద్దలు కూడా దారి మార్చుకున్నారు. వెనక్కి రమ్మన్నప్పుడు ఒక్కరూ ఎదురు చెప్పలేదు. అసంతృప్తి ఫోన్లలో, మీ నుంచే వినిపించింది.

చివరగా, మూసి ఉండే బూట్లు వేసి పంపమని రాతపూర్వకంగా కోరినా పలువురు పిల్లలు చెప్పులతో వచ్చారు, కొన్ని అనుమతి పత్రాలు సంతకం లేకుండానే వచ్చాయి. మీకు తీరిక తక్కువని తెలుసు. అయినా సంతకానికి పట్టే సమయం కొద్దిదే. బండి ఇంజన్ ఆయిల్ మార్చినప్పుడు పాతది కాలువలో పోస్తున్నారని పిల్లలే తరగతిలో చెబుతున్నారు. ఆ కాలువ చివరికి సముద్రానికే చేరుతుంది. దయచేసి దాన్ని మూత బిగించిన డబ్బాలో పోసి, వాడిన ఆయిల్ తీసుకునే మెకానిక్‌కు అప్పగించండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు