కాలనీ సంఘం వార్షిక నివేదిక: ఈ ఏడు మొక్కల గొడవ

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చులు, పార్కు రిపేర్లు, సీసీ కెమెరాల సంగతి కోశాధికారి గారు విడిగా పంపారు కాబట్టి వాటి జోలికి పోవట్లేదు. ఇదంతా మొక్కల గురించే, ఏడాది పొడవునా మన వాట్సాప్ గ్రూపు వేడెక్కింది వాటి మీదే కదా.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టాక మన విశాఖలో కైలాసగిరి, కంబాలకొండ ఎలా బోడిగా మిగిలాయో పాతవాళ్లకు గుర్తే. అప్పట్నుంచి మొక్కలంటే అందరికీ ఉత్సాహమే, కాకపోతే వానాకాలంలో కడియం నర్సరీల నుంచి మొక్కల వ్యాన్ వచ్చిన రోజు ఫొటోలకు నిలబడేవాళ్లలో సగం మంది కూడా మే నెలలో బకెట్ పట్టుకుని కనిపించరు. జూన్‌లో చూస్తే చాలా ట్రీగార్డుల్లో ఎండుపుల్ల, ఒకదాంట్లో టీ కప్పులు. పార్కు వెనక కానుగలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, అక్కడి టిఫిన్ బండి ఆవిడ బియ్యం కడిగిన నీళ్లు వాటికే పోస్తారు.

ఈ జబ్బు మనకొక్కరికే లేదు. టర్కీలో 2019 నవంబరు 11న ఒక్కరోజే కోటీ పది లక్షల మొక్కలు నాటారు, కొన్ని నెలలకే 90 శాతం దాకా చచ్చాయని అక్కడి అటవీ ఉద్యోగుల సంఘం, అదేం లేదని ప్రభుత్వం. పాకిస్తాన్‌లోని ఖైబర్ జిల్లాలో 2020లో జనమే నాటిన మొక్కల్ని పీకేశారు, గొడవంతా భూమి ఎవరిదని. కోస్టారికాలో మాత్రం అడవిని కొట్టకుండా ఉంచిన రైతుకు 1997 నుంచి డబ్బిస్తున్నారు, పెట్రోలు పన్నులో కొంత దానికే పోతుంది, అడవి ఇప్పుడు దేశంలో సగం దాటింది. మన ఫారెస్ట్ సర్వే లెక్కలో హెక్టారు దాటి, చెట్ల నీడ పది శాతం ఉంటే కొబ్బరితోట కూడా అడవే, అందుకని పచ్చదనం పెరిగిందన్న వార్త వస్తే వెంటనే చప్పట్లు కొట్టకండి.

నాకు నచ్చింది దక్షిణ కొరియా పద్ధతి. యుద్ధం అయ్యేసరికి కొండలన్నీ నున్నగా అయిపోయిన దేశం అది. 1973లో పదేళ్ల ప్రణాళిక పెట్టుకుని, ఒక ప్రాంతంలో నాటినవాటిని వేరే ప్రాంతం అధికారులతో లెక్కపెట్టించారు, నాటినవి కాదు, బతికినవి. పొయ్యిలోకి కట్టెల బదులు బొగ్గు దిమ్మెలు రావడం కూడా కలిసొచ్చిందనుకోండి. ఇప్పుడు అక్కడ అరవై శాతానికి పైగా అడవే.

కార్యవర్గం ఆ పద్ధతే తీసుకుంది: ఇకపై మీ వీధి మొక్కలు పక్క వీధివాళ్లు లెక్కపెడతారు. మొహమాటాలు వద్దు.

ఏడాకుల చెట్ల సంగతి. దసరా దాటితే ఆ పూల వాసనకు తలనొప్పి, కొట్టించేయండని కొందరు, నీడ పోతుందని కొందరు. ఉన్నవి కొట్టం, కొత్తవి నాటం. కారు మీద ఆకులు రాలుతున్నాయన్న ఫిర్యాదుకు మాత్రం సంఘం దగ్గర మందు లేదు.

కొత్త మొక్కల పద్దు తగ్గించి ఆ డబ్బు వేసవిలో నీళ్ల ట్యాంకరుకు మళ్లించాం. అభ్యంతరం ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశానికి వచ్చి చెప్పండి, రాత్రి పదకొండింటికి గ్రూపులో కాదు.