దొనకొండ రన్‌వే మీద బైకు పందేలకి కొన్ని ఆదివారాలు ఇప్పించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ రవాణా, యువజన, క్రీడా శాఖల మంత్రి గారికి,

అయ్యా, నేను ఒంగోలులో బైకు మెకానిక్‌ని. ఇరవై ఆరేళ్లుగా ఇదే పని. హైవే మీద పందేలేసుకుని పడ్డ బండ్లు మా షెడ్డుకే వస్తాయి. ఫుట్‌రెస్టు ఎటు అరిగిందో, ఫోర్కు ఎంత వంగిందో చూస్తే నడిపినోడు ఎలా పడ్డాడో చెప్పేయగలను. పోయిన వేసవిలో వచ్చిన ఒక బండిని మాత్రం బాగుచెయ్యమని అడగడానికి ఎవరూ రాలేదు. ఇప్పటికీ షెడ్డులో ఒక మూల, పట్టా కింద ఉంది.

దాన్ని చూసినప్పుడల్లా నాకు జోయీ డన్‌లప్ గుర్తుకొస్తాడు. మీకు తెలియకపోవచ్చు. బైకు రేసులు చూసేవాళ్లకి ఆయన దేవుడు.

ఉత్తర ఐర్లండ్‌లో బాలీమనీ అనే చిన్న ఊరి దగ్గర 1952లో పుట్టాడు. కలిగిన ఇల్లు కాదు. 1969లో, పదిహేడేళ్లప్పుడు, 200 సీసీ ట్రయంఫ్ టైగర్ కబ్ మీద మొదటి పందెంలో దిగాడు. ఆ పందెం జరిగిన చోటు చూడండి: మఘాబెర్రీ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ఖాళీగా పడి ఉన్న పాత విమానాల రన్‌వే. ఇప్పుడక్కడ జైలు ఉందిలెండి, అది వేరే సంగతి.

అక్కడ మొదలైన మనిషి బ్రిటన్‌కీ ఐర్లండ్‌కీ మధ్య సముద్రంలో ఉన్న ఐల్ ఆఫ్ మ్యాన్ దీవిలో గెలవడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. అక్కడి టీటీ (టూరిస్ట్ ట్రోఫీ) బైకు పందెం మామూలు రోడ్ల మీదే జరుగుతుంది. ఒక చుట్టు దాదాపు 60 కిలోమీటర్లు, ఇళ్ల గోడలను రాసుకుంటూ, కొండ ఎక్కి దిగుతూ. 1904లోనే అక్కడి చట్టసభ పందేల కోసం రోడ్లు మూసేలా చట్టం చేసింది. ఆ రోడ్ల మీద జోయీ 1977 నుంచి 2000 దాకా 26 సార్లు గెలిచాడు. 1982 నుంచి 1986 వరకు వరసగా ఐదుసార్లు ఫార్ములా వన్ టీటీ (కార్లది కాదు, బైకులదే) ప్రపంచ చాంపియన్. 1989లో బ్రాండ్స్ హ్యాచ్ ట్రాక్ మీద పడి కాలు విరగ్గొట్టుకున్నాక పనైపోయిందన్నారు. కానీ మళ్లీ వచ్చాడు, నలభై ఎనిమిదేళ్ల వయసులో టీటీలో ఒకే వారంలో మూడు పందేలు కొట్టాడు!

హోండా కంపెనీ బండి ఇచ్చినా తన ఇంజను తను విప్పి చూసుకోందే మనసు ఒప్పేది కాదట. మెకానిక్‌గా నాకు ఆయన మీద ఇష్టం అక్కడే పుట్టింది. రేసులు లేని రోజుల్లో వ్యానులో బట్టలు, తిండి నింపుకుని రొమేనియా, బోస్నియా అనాథాశ్రమాలకు ఒక్కడే తోలుకుపోయేవాడు. 1996లో బ్రిటన్ ఆయనకు ఓబీఈ బిరుదు ఇచ్చింది పందేలకు కాదు, ఆ వ్యాను ప్రయాణాలకి.

మిగతాది కూడా దాచను. 2000 జూలై 2న ఎస్తోనియాలోని టాలిన్‌లో, వానలో, 125 సీసీ పందెంలో ముందు నడుస్తూ జారి చెట్లకు కొట్టుకుని చనిపోయాడు. తమ్ముడు రాబర్ట్ 2008లో, రాబర్ట్ కొడుకు విలియం 2018లో అలాగే పోయారు. అందుకే ఊళ్ల మధ్య రోడ్లు మూసి పందేలు పెట్టమని నేను అడగను. ఆ దీవి ధైర్యం వాళ్లకే ఉండనీండి.

నేను అడిగేది ఆ మొదటి మెట్టు, మఘాబెర్రీ లాంటి చోటు. మన దేశంలోనూ అలా జరిగిందే. మద్రాసు దగ్గర షోలవరంలో యుద్ధకాలపు రన్‌వే మీదే దశాబ్దాల పాటు పందేలు నడిచాయి. ఇరుంగాట్టుకోట్టైలో అసలు ట్రాకు వచ్చింది ఆ తరవాతే. మనకీ దొనకొండలో యుద్ధకాలం నాటి రన్‌వే ఉంది. విమానాశ్రయం వస్తుందని ఎప్పటినుంచో వింటున్నాం. వస్తే సంతోషమే. ఈలోపు ఏడాదికి ఆరేడు ఆదివారాలు కుర్రాళ్లకి ఇస్తే ఎవరికి నష్టం?

చట్టం అడ్డు వస్తుందంటారేమో. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షను పందేలను నిషేధించింది నిజమే, 5,000 జరిమానా, జైలు కూడా. కానీ అదే సెక్షన్లో ఒక మాట ఉంది: రాష్ట్ర ప్రభుత్వం రాతపూర్వకంగా ఒప్పుకోకుండా నడిపితేనే నేరం. ఆ సంతకం మీ చేతిలో ఉంది. రవాణా మీదే, క్రీడలూ మీవే. స్థలం కేంద్రం వాళ్లదైతే వాళ్లకి రాయాల్సిందీ మీరే.

ఒంగోలు గిత్తల బండలాగుడుకి నేల చదును చేసి, దూరం కొలిచి, టైము పెట్టి, పశువుల డాక్టరును పక్కన నిలబెడతాం. కుర్రాళ్లకి కూడా అంతమాత్రం చేయలేమా? టైర్ల గోడ, అంబులెన్సు, జెండా పట్టుకునే నలుగురు, తలకి మంచి హెల్మెట్, లైసెన్సు చూసి లోపలికి పంపే మనిషి. బండ్లు తనిఖీ చేసే పని మా మెకానిక్‌లం ఉచితంగా చేస్తాం, ఒంగోలు నుంచి పదిమందిని నేను తీసుకొస్తాను.

ఒక్కసారి దొనకొండ రండి, తారు ఎంతవరకు మిగిలి ఉందో కలిసి చూద్దాం. ఏ రోజైనా ఫరవాలేదు, ఆదివారం అయితే షెడ్డుకి సెలవు.

ఇట్లు,
ఒక బైకు మెకానిక్, ఒంగోలు