పిల్లల జూ ట్రిప్‌లో ఐదారు జంతువులు చాలు

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక పాఠశాల పిల్లలను జూకి తీసుకెళ్లే పద్ధతి మారాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. నేనూ చిన్న తరగతులకు చెప్పే టీచర్నే. మూడు నాలుగు తరగతులను కలిపి బస్సులెక్కిస్తాం. ఎండ ముదిరే వేళకు జూ గేటు దగ్గర దిగుతాం. ఇక పిల్లల తలలు లెక్కపెట్టుకోవడంతోనే సరిపోతుంది. "పులిని చూశారుగా, పదండి పదండి" అంటూ ఒక్క బోనూ వదలకుండా సాయంత్రంలోగా అన్నీ తిప్పేస్తాం.

తప్పు టీచర్లదని అనను. అంతమందిలో ఒక్కరు తప్పిపోయినా ఎలా అన్న టెన్షన్‌లో జంతువుల గురించి ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? అందుకే ఒకసారికి ఒక్క తరగతినే తీసుకెళ్లాలి. చూడాల్సినవి ఐదారు జంతువులు చాలు.

వేళ కూడా ముఖ్యమే. సింహం రోజులో 20 గంటల దాకా పడుకునే గడుపుతుంది. మిట్టమధ్యాహ్నం వెళ్లి "లేవదేంటి టీచర్" అని పిల్లలు అరుస్తారు, అద్దం మీద కొడతారు. ఒక్కోసారి పెద్దవాళ్లే రాయి విసిరి లేపబోతారు. నిద్రపోయే జంతువును లేపడం హింసేనని బయల్దేరక ముందే తరగతిలో చెప్పాలి.

ఒక్క జంతువు దగ్గర పావుగంట నిలబడితే ఎన్ని ప్రశ్నలు పుడతాయో! నోరు తెరిచి కదలకుండా పడున్న మొసలిని చూసి బొమ్మ అనుకుంటారు పిల్లలు. ఒంట్లో వేడి తగ్గించుకోవడానికి అలా ఉంటుందని చెబితే, మరి దానికి చెమట పట్టదా అని అడుగుతారు. జిరాఫీ మెడలో ఎముకలు ఏడే, మన మెడలోనూ ఏడే అనగానే చేతులన్నీ మెడల మీదకి పోతాయి. కాగితం, పెన్సిల్ ఇచ్చి గీయమంటే ఇంకా మంచిది. గీయాలంటే తోక ఎక్కడ మొదలవుతుందో, కాలికి ఎన్ని వేళ్లున్నాయో చూడక తప్పదు.

అసలు జంతువులను బంధించిన చోటికి పిల్లలను తీసుకెళ్లడమే తప్పనే తల్లిదండ్రులూ ఉన్నారు. వాళ్ల బాధలో న్యాయముంది. బోనులో ఒకే దారిన అటూఇటూ తిరిగే ఎలుగుబంటిని చూసి ఎందుకలా తిరుగుతోందని పిల్లలు అడిగితే, ఆ ప్రశ్నను దాటవేయకూడదు. అరేబియన్ ఓరిక్స్ అనే జింకలాంటి జంతువు సంగతీ చెప్పాలి. వేటగాళ్ల చేతిలో 1972 నాటికి ఎడారిలో ఒక్కటీ మిగలకుండా పోయిన ఆ జాతిని జూలలో పెంచి, 1982లో ఒమన్ ఎడారిలో తిరిగి వదిలారు. రెండు వైపులా వింటే ఎనిమిదేళ్ల పిల్లయినా తన ఆలోచన తాను చేసుకోగలదు.

జూ అధికారులకు నా విన్నపం ఒకటే. బడి పిల్లలను పొద్దున్నే, గేట్లు తెరవగానే లోపలికి రానివ్వండి. రోజూ మేత వేసి, బోను కడిగే కీపర్లతో ఒక పది నిమిషాలు మాట్లాడనివ్వండి. ఏ ఏనుగు ఎవరి మాట వింటుందో, ఏ కోతి ఎప్పుడు అలుగుతుందో వాళ్లకే తెలుసు. ఇక విద్యాశాఖ, ట్రిప్‌కి ముందు ఒక టీచరు జూకి వెళ్లి దారి, మంచినీళ్లు, మరుగుదొడ్లు, నీడ ఉన్న చోట్లు చూసి రావడానికి ఒక పనిదినం ఇవ్వాలి. ఇప్పుడు ఆ పని సెలవు పెట్టుకుని చేయాల్సి వస్తోంది.

ఇట్లు,
ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయురాలు