బొమ్మల కథ హక్కు ఎవరి దగ్గర ఉండాలి?

సంపాదకుల వారికి,

అయ్యా,

అమెరికా టెలివిజన్ రచయిత జె. మైకేల్ స్ట్రజిన్‌స్కీ సైన్స్ ఫిక్షన్ ధారావాహికల నుంచి కామిక్స్‌లోకి, ఆపైన సినిమాల్లోకి వెళ్లిన వైనాన్ని గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం ఆసక్తిగా చదివాను. అయితే ఆ వ్యాసం ఆయన ప్రతిభను మెచ్చుకోవడంతోనే సరిపెట్టింది. ప్రతిభగల తెలుగు రచయితలు చెన్నైలోనూ ఉన్నారు. వారిని ఆపుతున్నది ఒప్పంద పత్రాల్లోని నాలుగు వాక్యాలు.

‘బాబిలోన్ 5’ను అయిదేళ్లు నడిచే ఒకే కథగా ముందే ఆలోచించుకుని, ఆ ధారావాహికలోని 110 భాగాల్లో 92 తానే రాసిన మనిషి ఆయన. 1998లో అది ముగిసిన మరుసటి ఏడాదే ‘రైజింగ్ స్టార్స్’ కామిక్ మొదలుపెట్టి, ఒక చిన్న ఊళ్లో అసాధారణ శక్తులతో పుట్టిన 113 మంది పిల్లల కథను 24 సంచికల్లో చెప్పారు. అంతమంది పాత్రలను టీవీలో చూపించాలంటే నిర్మాత గుండె ఆగిపోతుంది. కాగితం మీద మాత్రం ఊరు తగలబడే దృశ్యానికీ, ఇద్దరు కూర్చుని టీ తాగే దృశ్యానికీ ఖర్చు ఇంచుమించు ఒకటే (చిత్రకారులు ఒప్పుకోకపోవచ్చు).

ఆ కామిక్‌ను వెలువరించిన టాప్ కౌ, ఇమేజ్ కామిక్స్‌లో భాగం. సృష్టించిన పాత్రల మీద హక్కు సృష్టికర్తలదేనని వాదించి, పెద్ద కామిక్స్ సంస్థ అయిన మార్వెల్ నుంచి బయటికి వచ్చిన చిత్రకారులు 1992లో పెట్టుకున్న సంస్థ ఇమేజ్. తర్వాత 2001 నుంచి ఆయన మార్వెల్‌కు స్పైడర్‌మాన్ కథలు రాశారు. అక్కడ పాత్ర మార్వెల్‌ది, రాత పని ఆయనది. అందులో ఎవరికీ అన్యాయం లేదు. తన కథ ఏదో, పరాయి కథకు చేసే పని ఏదో విడివిడిగా తేల్చుకునే వీలు ఉండడమే అసలు సంగతి.

మన దగ్గర ఆ వీలు లేదు. మా బంధువుల అబ్బాయి ఒకరు సొంతంగా అల్లుకున్న సైన్స్ ఫిక్షన్ కథను ఒక సంస్థకు సిరీస్‌గా ఇచ్చినప్పటి ఒప్పంద పత్రం చూశాను. నవల, నాటకం, కామిక్, ఆడియో, వీడియో గేమ్ అన్నీ వరుసగా పేర్కొని, సమస్త హక్కులూ శాశ్వతంగా సంస్థవేనని రాయించుకున్నారు. అబ్బాయికి ముట్టినది మాత్రం సిరీస్ రాసినందుకు ఇచ్చే పారితోషికమే.

ఇంతకంటే ముఖ్యమైనది చివరి పేజీలోని ఒక చిన్న వాక్యం. రాయించుకున్న హక్కును ఏడాదిలోగా వినియోగించుకోకపోతే ఆ బదిలీ రద్దయినట్టేనని కాపీరైట్ చట్టంలోని 19(4) సెక్షన్ చెబుతోంది. కానీ ఒప్పందంలో మరోలా రాసుకుంటే ఆ రక్షణ వర్తించదు. ఆ సెక్షన్ తమకు వర్తించదని సంస్థ ముందే రాయించుకుంది. దాంతో కామిక్ వేసే ఉద్దేశం సంస్థకు లేదు, వేసే హక్కు రచయితకు లేదు. ఒప్పందం నాటికి లేని మాధ్యమాలను ప్రత్యేకంగా పేర్కొనకపోతే వాటికి బదిలీ వర్తించదన్న 2012 సవరణ మేలైనదే అయినా, కామిక్స్ కొత్తగా పుట్టినవి కావు కనుక ఇక్కడ అక్కరకు రాదు.

డబ్బు పెట్టే నిర్మాత భయాన్ని నేను తోసిపుచ్చను. సిరీస్ ప్రసారమయ్యే కాలంలో పోటీగా మరో రూపం రాకూడదని కోరడం సబబే. అందుకు రెండేళ్లో మూడేళ్లో గడువు చాలు, శాశ్వత హక్కు అక్కరలేదు. రచయితల సంఘాలు నమూనా ఒప్పందంలో 19(4)ను కొట్టివేయకూడదన్న షరతు చేర్చి, సభ్యులు సంతకం పెట్టేముందు అడగవలసిన ప్రశ్నలను తెలుగులో అచ్చువేయాలి. చట్టం ఇంగ్లీషులో, ఒప్పందం ఇంగ్లీషులో, రాసేది మాత్రం తెలుగులో అయినప్పుడు ఈ మాత్రం సాయం అవసరం.

1947లో ‘చందమామ’ మొదలైన నగరం ఇది. బొమ్మ గీసేవారికి, కథ రాసేవారికి ఇక్కడ కరవు లేదు. పిల్లల సరుకన్న చిన్నచూపు వల్ల పెద్దల కామిక్స్‌కు చోటిచ్చే పత్రికలే కరవయ్యాయి. మీ అనుబంధంలో వారానికి ఒక పేజీ ఇవ్వగలరేమో ఆలోచించండి. అలాగే, మీ కథల పోటీ నిబంధనల్లో ‘ప్రచురణ హక్కులు పత్రికవే’ అన్న ఒక్క వాక్యమే ఉంది. బొమ్మల హక్కు, దృశ్య హక్కు ఎవరివో వచ్చే ప్రకటనలోనైనా స్పష్టం చేయవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
వడపళని, చెన్నై