బెండ విషయంలో తప్పు నాదే, కానీ గింజలు మాత్రం మొలిచాయి

జూన్ చివరి వారం నుంచి జులై నడిమి వరకు మా కొట్టులో బెండ విత్తనాలు కొన్నవారికి ఇది రాస్తున్నాను. తెల్లకాగితపు పొట్లం, పైన నీలి సిరాతో మా కొట్టు ముద్ర, వెల ఇరవై రూపాయలు. లెక్కపుస్తకంలో 143 పొట్లాలు వెళ్లినట్టుంది.

మొక్కలు బాగానే లేచాయి. నెల దాటాక ఆకుల ఈనెలు పసుపు తిరిగాయి, ఆ తరువాత ఆకంతా పసుపైపోయింది. కాసిన నాలుగు కాయలూ పాలిపోయి, పీచు పట్టి, కూరకు పనికిరాలేదు. ఇది పల్లాకు తెగులు, వైరస్ వల్ల వచ్చేది. పాత రైతులు శంఖు రోగం అంటారు. ఒకసారి వచ్చాక మందు లేదు, మొక్క పీకేయడమే.

ఫిర్యాదుతో మొదట వచ్చిన ఇద్దరికి నేను చెప్పిన సమాధానం తలచుకుంటే సిగ్గుగా ఉంది. ఒకరితో నీళ్లు ఎక్కువయ్యాయన్నాను. ఇంకొకరితో మట్టిలో ఇనుము తక్కువైందన్నాను. మూడోసారి వచ్చినవారు మన నెల్లూరు వేదాయపాళెంలో ఉండే రిటైర్డు మాస్టారు. చేపల మార్కెట్లో పారేసే థర్మాకోల్ పెట్టెలు తెచ్చుకుని, అడుగున చిల్లులు పెట్టి, మిద్దె మీద కూరగాయలు పండిస్తారు. ఆయన గొంతు పెంచలేదు. దినపత్రికలో చుట్టి తెచ్చిన ఆకును బల్ల మీద పరిచి, "అమ్మాయ్, పక్క పెట్టెలో నేను దాచుకున్న గింజ వేశాను. అది పచ్చగానే ఉంది. నీళ్లు పోసే చెయ్యి రెండింటికీ ఒకటే" అన్నారు. ఇరవై రూపాయల సంగతి ఎత్తనైనా లేదు.

ఆగస్టు 6న కొట్టు పైన మిద్దె మీద ఇరవై నాలుగు సంచుల్లో బెండ వేశాను. పన్నెండింటిలో మీకు అమ్మిన గింజ, పన్నెండింటిలో సీలు ఉన్న ప్యాకెట్టులోని అర్క అనామిక, అంటే పల్లాకును తట్టుకునే బెండ రకం. మట్టి, ఎరువు, నీళ్లు అన్నీ ఒకటే. నలభై రోజులకు మీ గింజ వేసిన సంచుల్లో తొమ్మిది పసుపెక్కాయి. అనామికలో ఒకటి. అంతకన్నా నన్ను కుంగదీసింది కాయ. ఒకే పొట్లంలోని గింజల్లో కొన్నింటికి అయిదు పలకల కాయ, కొన్నింటికి ఎనిమిది పలకలది. అంటే అది ఒక రకమే కాదు, కలగాపులగం. నేను మాత్రం దాన్ని అనామిక అని అమ్మాను.

ఆ విత్తనం ఇచ్చిన మనిషి దగ్గర పదకొండేళ్లుగా కొంటున్నాను. అన్నా అని పిలిచేదాన్ని. ఫోను చేస్తే ఆయన, "రోగం గింజలో ఉండదమ్మా, తెల్లదోమలో ఉంటుంది. మీవాళ్ల మిద్దెల మీద దోమ ఉంటే నన్ను అంటే ఎట్లా?" అన్నారు. ఆ మాటలో సగం నిజం. ఈ వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు మోసేది తెల్లదోమే. కానీ దోమ ఎలాగూ వస్తుందనే కదా తట్టుకునే రకం కొనేది! గొడుగు చిరిగిందంటే వాన కురిసిందని చెప్పినట్టుంది. నాలుగోసారి అడిగితే అసలు విషయం బయటపడింది. ఈ ఏడు అనామికను తీసిన పరిశోధన సంస్థ విత్తనం అందక, ఎవరో రైతు తన చేలో నిలిపిన గింజను బస్తాల్లో కొన్నారట. పక్క చేలో వేరే బెండ ఉంటే తేనెటీగలు పుప్పొడి మోసుకొస్తాయి, తరువాతి ఏడు గింజలో రెండు రకాల గుణాలూ కలుస్తాయి. ఇది ఆయనకు తెలియనిది కాదు. ఆయన పేరు అడగవద్దు, చెప్పను. పదకొండేళ్ల ఖాతా మాత్రం మూసేశాను.

అర్క అనామికను బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చింది. మామూలు బెండను పల్లాకును తట్టుకునే అడవి జాతితో సంకరం చేసి తీసిన రకం. అది కూడా వజ్రకవచం కాదు, కొన్ని చోట్ల దానికీ ఇప్పుడు తెగులు తగులుతోంది. ఒకప్పుడు ఢిల్లీ నుంచి వచ్చిన పూసా సవానీ అనే బెండ రకానికి ఇదే జరిగింది. మొదట్లో రోగానికి లొంగలేదు, ఇప్పుడు ముందు పడేది అదే. అయినా తొమ్మిదికీ ఒకటికీ తేడా చూశాను. చేలో వెయ్యి మొక్కల్లో వంద పోతే రైతు తట్టుకుంటాడు. మీ మిద్దె మీద ఉండేవే ఆరు. అయిదు పోతే ఆ పూటకు పులుసులోకి కూడా కాయ ఉండదు. అందుకే మిద్దెతోటకు ఎక్కువ కాసే రకం కన్నా తక్కువ చచ్చే రకం మేలని పదేళ్లుగా మీకు నేనే చెబుతూ వచ్చాను. ఈసారి నా మాట నేనే నిలబెట్టుకోలేదు.

నెల రోజులు నన్ను నలిపింది మాత్రం ఆ తెల్ల పొట్లమే. విత్తనం సంచికి చీటీ ఉంటుంది. విత్తన ధ్రువీకరణ సంస్థ ధ్రువీకరించినదైతే నీలి చీటీ, కంపెనీ తన పూచీ మీద అమ్మేదైతే ఆకుపచ్చ చీటీ. లాట్ నంబరు (గింజ ఏ విడతదో చెప్పేది), పరీక్షించిన తేదీ, మొలక శాతం అన్నీ దాని మీదే. నేను సంచి విప్పి అయిదేసి గ్రాములు పొట్లం కట్టగానే చీటీ సంచికే ఉండిపోతుంది, మీ ఇంటికి నా ముద్ర ఒక్కటే వస్తుంది. ఈసారి వచ్చిన బస్తాకైతే ఏ చీటీ లేదు. పాత పరిచయం కదా అని నేనూ అడగలేదు. విడి పొట్లాలు మానేద్దామంటే, సీలు ప్యాకెట్టు పెద్దది, ఆరు కుండీలవారికి దండగ. మీలో సగంమంది పొట్లాల కోసమే మా కొట్టుకు వస్తారు. పొట్లం మీద లాట్ నంబరు చేత్తో రాసి ఇద్దామని రెండుసార్లు అనుకున్నాను, రబ్బరు ముద్ర కూడా చేయించాను. కానీ ఆ నంబరు నిజమని మీరు ఎట్లా నమ్మాలి? మళ్లీ నా ముఖం చూసే కదా. చివరికి మానేశాను. ఇకమీదట సీలు తీయని చిన్న ప్యాకెట్లే అమ్ముతాను. ఇరవై రూపాయలకు రావు. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకటి కొని పంచుకోండి. హెసరఘట్ట సంస్థ విత్తనాలు ఆన్‌లైన్లో కూడా అమ్ముతుంది, నా బేరం పోయినా సరే చెబుతున్నాను.

ఒక మాట మాత్రం ఒప్పుకోను. మాగుంట లేఅవుటు వాట్సాప్ గ్రూపులో ఎవరో "ఆ కొట్టు గింజలు మొలవవు" అని పెట్టారట. బెండకు ఉండాల్సిన కనీస మొలక 65 శాతం. నేను తడిగుడ్డలో కట్టి చూస్తే నూటికి 82 మొలిచాయి. రకం తప్పు, రోగం నిజం, డబ్బు వాపసు ఇస్తాను. మొలవలేదంటే మాత్రం ఆ గుడ్డ ఫోటో చూపిస్తాను.

మిగతావాటికి ఇబ్బంది లేదు. వంగలో భాగ్యమతి, శ్యామల సీలు ప్యాకెట్లవే. టమాటా నారు ఇప్పుడు పోసుకుంటే వానల తరువాత కాపుకొస్తుంది. మన నెల్లూరు వేసవిలో రాత్రుళ్లు కూడా చల్లబడవు, పూత నిలవదు, కాబట్టి ఫిబ్రవరిలో నారు అడిగితే లేదనే అంటాను. పందిరి చిక్కుడు ఎప్పుడు వేసినా పగళ్లు కురచయ్యాకే పూస్తుంది. పోయిన వేసవిలో వేసి ఆకులు చూస్తూ కూర్చున్న దర్గామిట్ట అక్కకు ఆ మాట ముందే చెప్పాల్సింది. ఎప్పుడైనా కాయాలంటే పొట్టిగా పెరిగే అర్క జయ్ ఉంది.

పొట్లం కాగితం ఉన్నా లేకపోయినా రండి, ఇరవై రూపాయలు ఇస్తాను, దానితో పాటు అయిదు వంగ మొక్కలు. పసుపెక్కిన బెండ ఇంకా మిద్దె మీద ఉంటే ఈ రోజే పీకి సంచిలో కట్టి పారేయండి, పక్కింటివారి బెండ అయినా మిగులుతుంది. ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంట వరకే కొట్టు తెరిచి ఉంటుంది.

మాస్టారికి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. బదులుగా ఆయన దాచుకున్న బెండ గింజలు పది నాకే ఇచ్చి వెళ్లారు. వాటిని మిద్దె మీద వేశాను, మూడు ఆకులు తొడిగాయి. అవి కాసి, నిలబడి, నాకు నమ్మకం కుదిరేదాకా మా కొట్టులో బెండ లేదు. సంక్రాంతి లోపు ఎవరూ అడగవద్దు.